ఇరవై రెండు ఇంటూలు

జోగులమ్మకు పదకొండేళ్ళుగా ఒక అనుమానం ఉంది. దేవుడికి చూపించకుండా వండి వడ్డించిన అన్నం అన్నమేనా, లేక సంచుల్లో నింపినట్టు కడుపుల్లో నింపే సరుకా అని.

ఇంట్లో ఆ బెంగ లేదు. కుక్కరు మూత తీయగానే చిన్న గిన్నెలో ఇంత పెట్టి, పటం ముందు ఉంచి, కళ్ళు మూసుకుని రెండు నిమిషాలు నిలబడుతుంది. ఆకలి మీదున్న మొగుడు మన్మథరావు కంచం ముందు కూర్చుని, “మీ స్వామికి పళ్ళూడిపోనాయేటే, అంతసేపు నమల్తన్నాడు?” అంటాడు. అంటాడే గానీ, ఆ గిన్నె పటం ముందు నుంచి కదిలేదాకా తనూ ముద్ద కలపడు.

చిక్కంతా హాస్టల్లోనే. రెండు వందల ఎనభై మంది ఆడపిల్లలకు మూడు పూటలా వంట ఆమెదే. అక్కడ మొదటి గరిటె దేవుడికి కాదు, అద్దాల బీరువాకి. ఏది వండినా ముందు ఒక ప్లేటు తీసి, దానికి తేదీ చీటీ అంటించి, శాంపిల్ అని ఆ బీరువాలో పెట్టి తాళం వేయాలి. ఎవరైనా తనిఖీకి వస్తే చూపించడానికట. ఎవరూ రారు. మర్నాడు ఆ ప్లేటు గోడవతల పందుల పాలవుతుంది. దేవుడి కోసం రెండు నిమిషాలు ఆగడానికి తీరిక లేని అన్నం, రాని తనిఖీ కోసం ఇరవై నాలుగు గంటలు ఆగుతుంది.

ఒకసారి వెంకన్న గుడిలో పూజారిగారిని అడిగింది. “మనసులో అనుకుంటే చాలమ్మా” అన్నారాయన, కొబ్బరిచిప్పలు రెండూ తన వైపు జరుపుకుంటూ. మనసులో అనుకుంటే చాలేటప్పుడు కొబ్బరికాయ మాత్రం చేత్తో ఎందుకు తేవాలో అడుగుదామనుకుంది. పెద్దవారిని అడిగే మాట కాదని ఊరుకుంది.

నర్సీపట్నంలో కృష్ణదేవిపేట వెళ్ళే రోడ్డు మీద ఉన్న ఆ బడికి, హాస్టలుకి కలిపి నవోన్నతి అని పేరు. కరస్పాండెంటు గణేశ్వరరావు. ఆయనకు చదువంటే ప్రాణం. గొలుగొండ దగ్గరున్న మామిడితోట, జీడితోట అంటే ఆ ప్రాణం కన్నా ఇంకొంచెం ఎక్కువ. రెండేళ్ళ కిందట ఒక ట్రస్టు వాళ్ళు వచ్చి, కొండ మీది పిల్లలు పన్నెండు మందికి ఫీజులు మేం కడతామన్నారు. పిల్లల మనసుల బాగోగులు కూడా చూడాలని, అందుకు వేరే గ్రాంటు ఇస్తామని అన్నారు. గ్రాంటు అన్న మాట చెవిన పడగానే గణేశ్వరరావుకి పిల్లలకు మనసులుంటాయని గుర్తొచ్చింది.

అంతే, వారం తిరక్కుండా పాత సామాన్ల గదికి పసుపు రంగు వేసి, గోడ మీద సీతాకోకచిలుకలు గీయించి, మెత్తటి బీన్ బ్యాగులు రెండు పడేసి, గుమ్మం మీద ‘నవ్వుల గది’ అని బోర్డు కట్టారు. తాళం వార్డెన్ సాయిలక్ష్మి నడుముకే ఉంటుంది. పిల్లలు కూర్చుంటే బ్యాగులు పిగిలిపోతాయని ట్రస్టు వాళ్ళొచ్చిన రోజు తప్ప తీయదు. భోజనాల హాలు బయట మూడ్ చార్ట్ పెట్టారు. పొద్దున్నే ప్రతి పిల్లా తన పేరు పక్కన నవ్వే బొమ్మో ఏడ్చే బొమ్మో అంటించాలి. మొదటి వారంలోనే ఏడ్చే బొమ్మలు అయిపోయాయి. మళ్ళీ తెప్పించలేదు. అప్పట్నుంచి ఆ హాస్టల్లో పిల్లలందరూ సంతోషంగానే ఉన్నారు.

చదువులో వెనకబడ్డ వాళ్ళకు చేయూత అని ఇంకోటి. వాళ్ళను ‘ఎదుగుదల బ్యాచ్’ అంటారు. సాయంత్రం పూట బాత్రూముల పక్క వరండాలో కూర్చోబెట్టి, పొద్దున అర్థం కాని జవాబునే అయిదుసార్లు ఎత్తి రాయిస్తారు. ఒకసారి అర్థం కానిది అయిదుసార్లు రాస్తే ఎలా అర్థమవుతుందో జోగులమ్మకు తెలియదు. తను చదివింది ఏడో తరగతే కాబట్టి, ఎనిమిదిలో చెబుతారేమో అనుకుంది.

వీటన్నిటికీ పెద్ద, కౌన్సెలర్ వీరేంద్ర. విశాఖపట్నం నుంచి శనివారం శనివారం వస్తాడు. మెళ్ళో ఐడీ కార్డు, భుజాన లాప్‌టాప్. నెమ్మదిగా, దూది మీద నడిచినట్టు మాట్లాడతాడు. ఎవరు ఎదురుపడినా తల పక్కకు వంచి, “ఇప్పుడు నీ లోపల ఏం జరుగుతోంది?” అని అడుగుతాడు. “ఏటీ జరగట్లేదు సార్” అంటే, ఒప్పుకోవడం లేదు అని రాసుకుంటాడు. “ఆకలేస్తంది సార్” అంటే, ఆ మాటకు గడి లేదు గనక రాసుకోడు.

ప్లేట్ రిజిస్టర్ పెట్టించింది కూడా అతనే. తేదీ, వండినది, వదిలేసిన పిల్ల పేరు, పక్కన ఇంటు మార్కు. ఆ పని వంటింటికే పడింది. జోగులమ్మకు పుస్తకమంటే సరస్వతి. తెరిచేముందు కళ్ళకద్దుకుని, ఉన్నది ఉన్నట్టు రాసేది. పుస్తకంలో ఉన్నది రాయడం తప్ప ఇంకేం చేస్తారో ఆమెకు తెలియదు.

ఈ ఏడు మాఘమాసం చివర్లో గాలులు గట్టిగా వీచాయి. గణేశ్వరరావు తోటలో పిందెలు జలజలా రాలాయి. రాలిన పిందెలను కొనేవాడు లేడు, పారేయడానికి మనసొప్పదు. మర్నాటి నుంచి ఆటోల్లో బస్తాలు హాస్టలుకి దిగాయి. చింతపండు ఆగిపోయింది. టమాటాలు ఆగిపోయాయి. పరీక్షల ముందు వేడి చేస్తుందని గుడ్లు ఆగిపోయాయి. పొద్దున ఉప్మాలోకి మామిడి పచ్చడి, మధ్యాహ్నం మామిడికాయ పప్పు, మామిడికాయ పులుసు, రాత్రికి మామిడి పులిహోర. గోడ మీద రంగుల బోర్డులో మాత్రం సోమవారం టమాటా పప్పు, మంగళవారం గుడ్డు కూర, అరటిపండు, అన్నీ పదిలంగా ఉన్నాయి. బోర్డు మీది తిండి చెడిపోదు, తరగదు.

జోగులమ్మ ఆ వంటలేవీ నోట పెట్టలేదు. ఉగాది పచ్చట్లో వేసి స్వామికి పెట్టేదాకా కొత్త మామిడికాయ రుచి చూడకపోవడం ఆమె అత్తగారి నాటి నుంచీ ఇంట్లో ఉన్న పద్ధతి. ఉప్పు చూసే పని సహాయకుడు సూరన్నకి అప్పగించి, తను ఇంటి నుంచి తెచ్చుకున్న పెరుగన్నం తినేది. రుచి చూసినట్టు సంతకం పెట్టాల్సింది వార్డెను. ఆవిడ నెలకొకసారి ముప్పై సంతకాలూ ఒకేసారి పెట్టేస్తుంది కనుక అక్కడా ఇబ్బంది లేదు.

ఆ వంటలు ముట్టని మనిషి ఇంకొకతె ఉంది. పదో తరగతి గౌతమి, ట్రస్టు ఫీజు కట్టే పన్నెండు మందిలో ఒకతె. కృష్ణదేవిపేట దాటి కొండెక్కాక ఎక్కడో వాళ్ళ ఊరు. తల్లీ తండ్రీ లేరు. నాయనమ్మ రాజులమ్మ అయిదేళ్ళ కిందట ఆరో తరగతిలో దింపడానికి వచ్చింది. ఆఫీసులో ఎవరికీ దణ్ణం పెట్టలేదు గానీ, దారి కనుక్కుని వెనక వంటింటి గుమ్మంలోకి వచ్చి, జోగులమ్మ చేతిలో ఒక స్టీలు డబ్బా పెట్టింది. నిండా కొండ తేనె.

“ఏటిది పెద్దమ్మా, నాకెందుకు?”

“అన్నం పెట్టీ సెయ్యి నీది గదా” అంది రాజులమ్మ. “గుంటని కూసింత సూసుకో.”

తేనె ఆ కార్తీకంలోనే స్వామి అభిషేకాలకు అయిపోయింది. డబ్బా మిగిలింది. ఖాళీ డబ్బా తిరిగి ఇవ్వకూడదు, అందులో ఏదో ఒకటి పెట్టి ఇవ్వాలి. ఆ తేనెకు సరిపడేది ఏం పెట్టాలో జోగులమ్మకు తోచలేదు. రాజులమ్మ మనవరాలిని చూడ్డానికి వచ్చినప్పుడల్లా, “డబ్బా ఇంటికాడుండిపోయింది పెద్దమ్మా, ఈసారి” అనేది. అలా అయిదేళ్ళు ఈసారి ఈసారి అంటూనే గడిచాయి. ఇంట్లో అలమార్లో ఆ డబ్బా కనబడినప్పుడల్లా జోగులమ్మ చూపు తిప్పుకునేది.

ఆ రాజులమ్మ మనవరాలే ఇప్పుడు వట్టి అన్నంలో ఉప్పు, నీళ్ళ మజ్జిగ పోసుకుని లేచిపోతోంది. మొదటి రోజు ఇంటు. రెండో రోజు ఇంటు. ఐదో రోజున జోగులమ్మ వడ్డన ఆపి అడిగింది.

“ఏటే, నా వంట నచ్చనేదా?”

“ఆకలి నేదు పిన్నీ.”

“పరీచ్చలప్పుడు తినకపోతే కళ్ళు తిరిగి పడతావు. ఎవులేనా ఏటన్నా అన్నారా?”

గౌతమి తల అడ్డంగా ఊపింది. నిజానికి మొదటి రోజే వార్డెన్‌తో చెప్పింది, మాకింకా కొత్త కాలేదు మేడమ్ అని. సాయిలక్ష్మి హాలంతా వినబడేట్టు నవ్వి, “కొత్తేంటి, పాతేంటి? కొత్త పెళ్ళికూతురివా?” అంది. పిల్లలూ నవ్వారు. వారం రోజులు ఆ పిల్లను పెళ్ళికూతురా అనే పిలిచారు. ఆ తర్వాత గౌతమి ఎవరికీ కారణం చెప్పలేదు. మూడ్ చార్ట్ మీద పొద్దున్నే నవ్వే బొమ్మ అంటించి, వట్టన్నం తినేది. అప్పుడు వంటింట్లో పొయ్యి దగ్గరున్న జోగులమ్మకు ఇదేమీ తెలియదు. ఆకలి లేదంటే లేదనుకుంది. పుస్తకం తెరిచి, కళ్ళకద్దుకుని, ఇంటు పెట్టింది.

పది రోజులకు ఆ పిల్ల సాయంత్రం చదువులో తల వాల్చేయడం మొదలుపెట్టింది. అంతకు ముందు లెక్కల్లో అరవై తెచ్చుకునే పిల్లకు ప్రీఫైనల్లో పంతొమ్మిది వచ్చాయి. ఎదుగుదల బ్యాచ్‌లో వేశారు. అక్కడ అయిదుసార్లు రాస్తూ నిద్రపోయింది. వీరేంద్ర ఫైలు తెరిచాడు. పబ్లిక్ పరీక్షలకు ఇంక తొమ్మిది రోజులుందనగా, శనివారం నాడు రాజులమ్మను రమ్మని కబురు పెట్టారు.

ఆ రోజు పదకొండు గంటలకు నవ్వుల గది తాళం తీశారు. గణేశ్వరరావు కుర్చీ వేయించుకున్నాడు. వీరేంద్ర ఒక బీన్ బ్యాగులో, సాయిలక్ష్మి కిటికీ దగ్గర. రాజులమ్మను రెండో బ్యాగులో కూర్చోమన్నారు. ఆమె దాన్ని వేలితో నొక్కి చూసి, నేల మీద కూర్చుంది. గౌతమి గోడకానుకుని నిలబడింది. జోగులమ్మను సాక్ష్యానికి పిలిచారు. రిజిస్టరు చంకలో పెట్టుకుని వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. శనివారం ఒక్కపొద్దు, పొద్దున్నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ తాగలేదు.

“అమ్మా, మేం పాపని తప్పు పట్టడం లేదు” అన్నాడు వీరేంద్ర దూది గొంతుతో. “తనకి ఫుడ్‌తో రిలేషన్ సరిగా లేదు. ఎగ్జామ్ స్ట్రెస్ వల్ల ఇలా తిండి మానేస్తారు. ఇది ఒక జబ్బు లాంటిది.”

“తిండితో దానికి తగువేటి బాబూ?” అంది రాజులమ్మ.

“ఇరవై రెండు రోజులమ్మా. ఇది నేను చెబుతున్న మాట కాదు. డేటా చెబుతోంది.”

“డేటా అంటే ఎవులు?”

సాయిలక్ష్మి గుమ్మం వైపు చెయ్యి చూపించింది. “అదిగో, జోగులమ్మ. ఆవిడే రాసింది అన్నీ.”

రాజులమ్మ తిరిగి చూసింది. కోపంగా చూసి ఉంటే జోగులమ్మ తట్టుకునేది. మామూలుగా, తెలిసిన మనిషిని చూసినట్టే చూసింది. జోగులమ్మకు ఇంట్లో అలమార్లో ఉన్న డబ్బా కళ్ళ ముందు కదిలింది.

వీరేంద్ర ఒక కాగితం తీశాడు. వెల్‌నెస్ లీవ్ అట. నెల రోజులు ఇంటి దగ్గర విశ్రాంతి. పరీక్షలు జూన్‌లో రాసుకోవచ్చు. కింద పెద్దవాళ్ళ వేలిముద్ర వేస్తే చాలు.

“నాను ఇప్పుడే రాస్తాను సార్” అంది గౌతమి. ఆ గదిలో ఆ పిల్ల అన్న మొదటి మాట అది.

“రాయొద్దని ఎవరన్నారమ్మా?” అన్నాడు గణేశ్వరరావు. “జూన్‌లో రాయమంటున్నాం. నీ మంచికే.”

ఆ మంచి ఎలాంటిదో జోగులమ్మకు తెలుసు. నిరుడు ముగ్గురు పిల్లలకు ఇలాగే మంచి చేశారు. ముగ్గురిలో ఒక్కతె కూడా జూన్‌లో రాలేదు. ఒకతెకు పెళ్ళయింది, ఒకతె జీడిపిక్కలు ఒలుస్తోంది, మూడో దాని సంగతి ఎవరికీ తెలియదు. పరీక్ష రాయని పిల్ల పరీక్ష తప్పదు. తప్పని పిల్ల లెక్క చెడగొట్టదు. గేటు మీద మాత్రం నూటికి నూరు శాతం పాస్ అని ఇంటి కప్పంత ఫ్లెక్సీ కట్టారు.

స్టాంపు ప్యాడు మూత తీసి రాజులమ్మ ముందు పెట్టారు. ఆమె బొటనవేలు చీర కొంగుకి తుడుచుకుంటూ ఆగింది. “ఒక్క మాట. ఇరవై రెండు రోజులూ ఏటి కూర వండినారు?”

వీరేంద్ర ఫైలు తిరగేశాడు. కూర సంగతి ఆ ఫైల్లో లేదు. జోగులమ్మ వైపు చూశాడు. జోగులమ్మ రిజిస్టరు కళ్ళకద్దుకుని, తెరిచి, చదివింది.

“మామిడికాయ పప్పు. మామిడికాయ పులుసు. మామిడికాయ పప్పు. మామిడి పులిహోర. మామిడికాయ...”

“సాల్లే” అంది రాజులమ్మ. “మాకు కొత్త పండగ ఇంకా అవనేదు గదా. ఎలా తింటాది? ఊళ్ళో కొత్త కాయ అమ్మోరు తల్లికి పెట్టకుండా మేం ముట్టం. దీని తాతే ఊరి పూజారి. ఆ ఇంటి పిల్లే ముందు తినీసిందంటే ఊరు ఏటనుకుంతాది?” మనవరాలి వైపు తిరిగింది. “సెప్పనేదేటే?”

“సెప్పినాను. నవ్వినారు” అంది గౌతమి.

సాయిలక్ష్మి కిటికీలోంచి బయటకు చూడటం మొదలుపెట్టింది.

గణేశ్వరరావుకి చురుక్కుమంది. “అవి మా తోటవి. మందు కొట్టనివి, ఆర్గానిక్. వాటిని తిననంటే ఎలా?”

“ఒక్క నిమిషం సార్. ఇది చాలా ఇంపార్టెంట్” అన్నాడు వీరేంద్ర. బీన్ బ్యాగులోంచి లేవడానికి రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారి లేచాడు. కళ్ళు మెరుస్తున్నాయి. “ఇది ఒక భయం. భయాన్ని దాటాలంటే ఎదుర్కోవాలి. ఇక్కడే, మనందరి సపోర్ట్‌తో, ఒక్క చిన్న ముక్క తినిపిద్దాం. మేడమ్, ఒక ముక్క తెప్పించండి.”

వంటింట్లోంచి ముక్క వచ్చింది. స్టీలు పళ్ళెంలో పచ్చటి మామిడి ముక్క, పక్కన ఎందుకో ఒక టిష్యూ కాగితం. వీరేంద్ర దాన్ని గౌతమి ముందుకు చాపాడు. “నీ లోపల ఏం జరుగుతోందో గమనిస్తూ, నెమ్మదిగా తిను. తింటే లీవ్ అవసరం లేదు. పరీక్ష రాయొచ్చు.”

గౌతమి పళ్ళెం వంక చూసింది, నాయనమ్మ వంక చూసింది. రాజులమ్మ తల దించుకుంది. తినమని చెప్పలేదు, వద్దని చెప్పలేదు. పిల్ల చెయ్యి కొంచెం లేచింది.

జోగులమ్మ లోపలికి వచ్చింది. నవ్వుల గది అయ్యాక ఆ గుమ్మం దాటడం అదే మొదటిసారి.

“ముందు నాకు పెట్టండి బాబూ” అంది.

“నీకెందుకు?” అన్నాడు గణేశ్వరరావు.

“నానూ తిననేదు. ఇరవై రెండు రోజులూ నానే వండినాను, నానే వడ్డించినాను, నోట ఎట్టనేదు. ఉగాది అవనేదు గదండీ, సామికి పెట్టకుండా మా ఇంట కొత్తకాయ తినం. నాకూ ఏదో జబ్బే ఉంటాదేమో, ఓపాలి సూసి సెప్పండి.”

వీరేంద్ర పళ్ళెం ఆమె వైపు తిప్పాడు. మళ్ళీ పిల్ల వైపు తిప్పాడు.

“పెద్దదానివి, నీ సంగతి వేరు” అన్నాడు గణేశ్వరరావు.

“మీ ఇంట పెద్దమ్మగారు తింటన్నారా బాబూ?”

గణేశ్వరరావు తల్లికి ఎనభై ఏళ్ళు. మొదటి బస్తా ఇంటికి పంపిస్తే, ఉగాది ముందు వీటిని గడప లోపలికి తెస్తావురా అని నలుగురి ముందూ కొడుకుని చీవాట్లు పెట్టి తిప్పి పంపించింది. అందుకే బస్తాలన్నీ హాస్టలుకి వచ్చాయి. ఆ సంగతి ఆటో దింపిన మనిషి మొదటి రోజే వంటింట్లో చెప్పాడు. అప్పుడు జోగులమ్మ నవ్వుకుంది కూడా. తన ఇంటి పద్ధతికి, కరస్పాండెంటు ఇంటి పద్ధతికి లేని దోషం కొండ పిల్ల పద్ధతికి ఎలా వచ్చిందో అప్పుడు తట్టలేదు. ఇంట్లో తాను చేస్తే నిష్ఠ, ఆ పిల్ల చేస్తే ఇంటు. 

“మా అమ్మ మాట ఇప్పుడెందుకు?” అన్నాడు గణేశ్వరరావు.

“నిజమేలెండి.” జోగులమ్మ రిజిస్టరు ఆయన ఒళ్ళో పెట్టింది. “ఇంకొక్కటి అడుగుతాను, సదువు లేనిదాన్ని, తప్పయితే సెమించండి. పిల్లని లీవు మీద పంపితే కాగితాలు ట్రస్టు వాళ్ళకి ఎల్తాయి గదా. ఈ పుస్తకం కూడా వాటితో పంపాలా?”

గణేశ్వరరావు విసుగ్గా పేజీ తిప్పాడు. ఇంకో పేజీ తిప్పాడు. తర్వాత విసుగు పోయి, నెమ్మదిగా తిప్పసాగాడు. జోగులమ్మ గుండ్రటి అక్షరాలు. వండినది అన్న గళ్ళో, తేదీ తర్వాత తేదీ, పూట తర్వాత పూట, మామిడి, మామిడి, మామిడి. గుడ్డు అన్న మాట వెతికినా లేదు.

“ఈ పుస్తకం ఎవరు పెట్టమన్నారు?”

“నేనే సార్!” అన్నాడు వీరేంద్ర, ఆ రోజు మొదటిసారి తనకు తెలిసిన ప్రశ్న వచ్చినందుకు. “ట్రస్ట్ వాళ్ళు చాలా మెచ్చుకున్నారు. ప్రతి నెలా స్కాన్ చేసి పంపమన్నారు.”

“పంపావా?”

“ఈ నెలది సోమవారం పంపాలి సార్.”

గణేశ్వరరావు రిజిస్టరు మూశాడు. మూసి, దాని మీద చెయ్యి పెట్టి, గౌతమి వంక అప్పుడే చూస్తున్నట్టు చూశాడు. ఆయన మొహంలో అంత వాత్సల్యం ఎక్కడ దాచాడో, ఒక్కసారిగా బయటకు వచ్చింది.

“పిల్ల బాగానే ఉంది కదయ్యా! మొహం చూడు, ఎంత కళగా ఉందో. పరీక్షల ముందు ఇంటికి పంపడమేంటి, బుద్ధుందా? సాయిలక్ష్మిగారూ, ఈ పూట నుంచి బోర్డు మీద ఉన్నదే వండించండి. గుడ్లు కూడా.”

“గుడ్లు వేడి కదా సార్?” అంది సాయిలక్ష్మి.

“నోర్మూసుకోండి.”

వీరేంద్ర లీవు కాగితం నాలుగు మడతలు పెట్టి బ్యాగులో దాచుకున్నాడు. రిజిస్టరు బైండింగ్ ఊడిందని, బాగుచేయించాలని గణేశ్వరరావు ఇంటికి తీసుకెళ్ళాడు. మళ్ళీ రాలేదు. వీరేంద్ర ఆ నెల నివేదికలో, వరుస కౌన్సెలింగ్ ఫలించి బాలిక ఆహారం తీసుకుంటోందని రాశాడు. ట్రస్టు వాళ్ళు చప్పట్ల బొమ్మలు పంపారట. నవ్వుల గదికి మళ్ళీ తాళం పడింది. మామిడి ముక్క పళ్ళెం లోపలే ఉండిపోయింది. చీమలు పట్టాక సాయిలక్ష్మే ముక్కు మూసుకుని తీయాల్సి వచ్చింది.

ఆ మధ్యాహ్నం చింతపండు పప్పుచారు కాచారు. గౌతమి మూడుసార్లు అన్నం పెట్టించుకుంది.

“ఎక్కడికెల్తందే అంత అన్నం?” అన్నాడు సూరన్న.

“ఇరవై రెండు రోజులెనక్కి ఎల్తంది” అంది గౌతమి. హాల్లో పిల్లలు నవ్వారు. ఈసారి ఆ పిల్లా నవ్వింది.

జోగులమ్మ మాత్రం ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి మన్మథరావుకి జరిగింది చెబుతూ మధ్యలో ఆగిపోయింది. “నానే పెట్టినానండి ఆ ఇంటూలు. నాకు నానెందుకు పెట్టుకోనేదు?”

మన్మథరావు కంచం పక్కకు జరిపాడు. దేవుడి గిన్నె వైపు చూస్తూ, ఆ పూట ఏ వేళాకోళమూ ఆడకుండా కూర్చున్నాడు.

పరీక్షలు మొదలయ్యాయి. మధ్యలో ఉగాది వచ్చింది, వెళ్ళింది. జోగులమ్మ ఇంట్లో పచ్చడి పెట్టి, స్వామికి చూపించి, మామిడి ముక్క నోట వేసుకుంది. గౌతమి రోజూ పొద్దున్నే కడుపునిండా తిని, పరీక్షలన్నీ రాసింది. లెక్కల పేపరు రాసి వచ్చిన రోజు వంటింటి కిటికీలోంచి తొంగి చూసి, “పంతొమ్మిది మాత్రం రావు పిన్నీ” అని చెప్పి పారిపోయింది.

ఆఖరి పరీక్ష నాడు జోగులమ్మ ఇంటి దగ్గర బయల్దేరే ముందు అలమార్లోంచి స్టీలు డబ్బా తీసింది. చింతపండు వేసి తోమింది. ఎండలో ఆరబెట్టింది. హాస్టల్లో ఆ రోజు పులిహోర. మామిడిది కాదు, పాత చింతపండుది. రాజులమ్మ ఊళ్ళో కొత్త పండగ ఇంకా రాబోయే మంగళవారం. బేసిన్లో పులిహోర కలిపి, పైన పోపు పడగానే సూరన్న శాంపిల్ ప్లేటు చాపాడు.

“ఆగు. బీరువాకి రెండో గరిటె.”

“మొదటిది పెట్టాలి గదా?”

“బీరువాకేటి ఆకలేస్తందా? ఆగమంటే ఆగు.”

మొదటి గరిటె, రెండోది, మూడోది డబ్బాలో పెట్టింది. మూత వేయకుండా గట్టు మీద ఉంచి, కళ్ళు మూసుకుని నిలబడింది. హాల్లో పిల్లలు పళ్ళేలు మోగిస్తున్నారు. “బేగి పిన్నీ!” అని ఎవరో అరిచారు. రెండు నిమిషాలు అయ్యేదాకా ఆమె కదలలేదు. ఎవరికి చూపించినట్టో, ఎవరు తిన్నట్టో ఆమె తేల్చుకోలేదు. కళ్ళు తెరిచి, మూత బిగించింది.

గేటు బయట షేర్ ఆటో ఆగి ఉంది. గౌతమి పెట్టె పైకెక్కించారు. రాజులమ్మ ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చుంది. జోగులమ్మ పరుగులాంటి నడకతో వచ్చి, డబ్బా ఆమె ఒళ్ళో పెట్టింది.

రాజులమ్మ డబ్బాను గుర్తుపట్టింది. మూత తీసి వాసన చూసింది. “మామిడి కాదు గదా?”

“మంగళవారం దాకా ముట్టరని నాకు తెల్దేటి పెద్దమ్మా? చింతపండే. ఈ బేసిన్లో మొదటి ముద్ద నీదే.”

“అయిదేళ్ళు అట్టే పెట్టినావు.”

“ఖాళీగా ఎలా ఇస్తాను?”

రాజులమ్మ ఒక మెతుకు తీసి నోట్లో వేసుకుంది. నమిలింది. కొంచెం మనవరాలికి పెట్టి, మూత బిగించి, డబ్బాను చీర చెంగులో చుట్టుకుంది. డ్రైవరు ఆటో స్టార్టు చేశాడు.

“ఇంక నువ్వు నాకేటీ బాకీ నేవు” అంది రాజులమ్మ.